నిలబెట్టిన చేను

మా అత్త దేముడమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఊరంతా చూసింది, ఊరంతా చెప్పుకుంది. శవం పక్కన పొడి కళ్ళతో కూర్చున్న కోడలిని మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదట. చెప్పుకుంటే చెప్పుకోనీ అనుకున్నాను. కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆవిడకీ నాకూ పడలేదు. ఆవిడ తూర్పు అంటే నేను పడమర అనేదాన్ని. "ఈ గుంట నా మాట ఒక్కటైనా విన్నాదేటి?" అని ఇంటికి వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను నిలబెట్టి అడిగేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? గిన్నెలు తోముతూ, ఆవిడకి వినబడేంత గట్టిగా గిన్నెలకే జవాబులు చెప్పేదాన్ని.

అంత పడని మనిషి, నిరుడు తన ఎకరన్నర పొలాన్ని కొడుక్కి కాకుండా నా పేరున రాయించింది. నేను నోరు వెళ్ళబెట్టాను.

"గంగులు పేరన ఎడితే మేస్త్రీ పిలిసీసరికి అమ్మీసి రైలెక్కీగలడు. నీకయితే నోరున్నాది. ఎవుడొచ్చినా తరిమీగలవు," అంది. అది మెచ్చుకోలో తిట్టో నాకు ఇప్పటికీ తెలీదు.

గంగులు మా ఆయన. నోట్లో నాలుక లేని మనిషి. మా పెళ్ళయినప్పటి నుంచీ చెన్నైలో ఒక మేస్త్రీ కింద మేడలు కట్టే పనిలో ఉండేవాడు. ఎప్పుడో వచ్చేవాడు, నాలుగు రోజులుండి నౌపడలో రైలెక్కి వెళ్ళిపోయేవాడు. మా పాప అతన్ని 'చెన్నై నాన్న' అని పిలిచేది, ఇంట్లో ఇంకో నాన్న ఉన్నట్టు. నిరుడు అతనితో పనిచేసే కుర్రాడొకడు పై అంతస్తు నుంచి పడి చచ్చిపోయాడు. ఆ కబురు విన్నాక మా అత్త ఫోను చేయించి, "గంజి తాగినా నా కళ్ళముందుండి తాగరా," అని కొడుకుని ఇంటికి రప్పించింది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆవిడా నేనూ ఒకటే మాట మీద ఉన్నాం.

వచ్చాడే గానీ మేస్త్రీ ఫోన్లు ఆగలేదు. "పంట సేతికొస్తే ఉండిపోతాను కుసుమా. రాకపోతే మల్లీ దుక్కికీ, ఇత్తనానికీ ఏటుంటాది? ఎల్లక తప్పదు," అనేవాడు మా ఆయన. అంచేత ఆ ఏడు వరిచేను మాకు ఉత్త చేను కాదు. అది నిలబడితే మనిషి ఇంట్లో ఉంటాడు, పడిపోతే రైలెక్కుతాడు. అంతే లెక్క.

గింజ గట్టిపడే వేళకి తుఫాను వచ్చింది. భావనపాడు సముద్రం వైపు నుంచి గాలి లేచిందంటే మా ఇళ్ళమీద రేకులు ముందు మాట్లాడతాయి. ఆ రోజంతా అవి అరుస్తూనే ఉన్నాయి. మర్నాడు వాన కాస్త తెరిపివ్వగానే మా అత్త తలకి తువ్వాలు చుట్టుకుని, కర్ర పట్టుకుని బయల్దేరింది. వద్దంటే వినే మనిషా? పక్క పొలం కూర్మమ్మ వదిన ఆవిడ వెంట వెళ్ళింది. నేను ఇంట్లో చేరిన నీళ్ళు తోడుతున్నాను.

చేనంతా నీళ్ళలో చాపలా పరుచుకుని ఉందట. మా అత్త గట్టు మీద కూలబడిందట. "లెగదియ్యండే... సేను లెగదియ్యండి," అందట. అదే ఆఖరి మాట. కూర్మమ్మ వదిన భుజం పట్టుకుని కదిపేసరికి మనిషి లేదు.

నలుగురు మగవాళ్ళు మంచం మీద మోసుకొచ్చారు. నేను చేతిలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొద్దున్నే నన్ను తిట్టి వెళ్ళిన మనిషి. ఆ తిట్టుకి జవాబు కూడా తయారుచేసి పెట్టుకున్నాను, రాగానే చెబుదామని. నా ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. ఏడుపు ఎలా వస్తుంది?

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. చావు జరిగిన ఇంటివాళ్ళు పెద్దకర్మ అయ్యేదాకా పొలంలో కాలు పెట్టకూడదు. మైల. కానీ పొలం ఆగదు కదా. అందుకని ఆ ఇంటి పని ఊరే చేస్తుంది. మా ఇంటిపేరువాళ్ళు తప్ప మిగతా ఇళ్ళ నుంచి ఇంటికొకరు చొప్పున వచ్చి, తమ చేల కంటే ముందు మైల ఇంటి చేను చూస్తారు. ఎవరూ పిలవక్కర్లేదు, కూలి అడగరు, ఇంటివాళ్ళకి చెప్పరు కూడా. చెబితే ఆ పుణ్యం పోతుందంటారు. చేసిన సాయం గురించి నోరు విప్పని మనుషుల్ని చూడాలంటే మా ఊరు రావాలి. మిగతా అన్ని విషయాలూ మూడు వీధులకి వినబడేలా చెబుతారు.

కాబట్టి మాకేమీ తెలీదు. పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే గంగులూ నేనూ పొలానికి బయల్దేరాం. దారి పొడుగునా చేలన్నీ పడుకునే ఉన్నాయి. మధ్యలో మళ్ళీ వానలు పడ్డాయి. నీళ్ళు తియ్యలేదు, కంకులు మురుగుతున్నాయి. గంగులు తల వంచుకుని నడుస్తున్నాడు. "మేస్త్రీకి ఫోన్ సేసీమంటావేటి?" అని అడిగాడు. నేను అడుగు పెంచాను.

మా గట్టు ఎక్కి ఇద్దరం ఆగిపోయాం.

మా చేను నిలబడి ఉంది. మూడు నాలుగు దుబ్బులు కలిపి గడ్డితో కట్టి, చేను చేనంతా నిలబెట్టారు. చుట్టూ కనుచూపుమేర పడిపోయిన పొలాల మధ్యన మా ఎకరన్నర ఒక్కటే లేచి నిలబడింది. నీళ్ళు పోవడానికి కాలవలు తీశారు. గట్టు మీద ఖాళీ ఉప్పు బస్తా ఉంది. గింజ మొలకెత్తకుండా ఉప్పునీళ్ళు కొట్టడానికి నౌపడ ఉప్పు మడుల నుంచి ఎవరో తెచ్చారు. తమ చేలు మునిగి ఉండగా, వాళ్ళ చేతులన్నీ ఇక్కడ పెట్టారు.

గంగులు గట్టు మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "అమ్మ సెప్పినాదని లెగదీసినారే..." అన్నాడు. నాకు గుండె నిండిపోయింది, కన్ను మాత్రం తడవలేదు. ఊరివాళ్ళు అన్నది నిజమేనేమో, నాలో ఏదో తక్కువేమో అని అప్పుడు మొదటిసారి భయం వేసింది.

ఆ సంతోషం గంట కూడా నిలవలేదు.

ఊరి వ్యవసాయ అసిస్టెంటు అనూరాధ ట్యాబు పట్టుకుని గట్ల వెంట వస్తోంది. పంట పోయిన రైతులకి సర్కారు సాయం ఇస్తోంది, దానికి చేను చేనూ చూసి ఫోటోలు తీస్తున్నారు. చిన్నపిల్ల, పాపం, మోకాళ్ళదాకా బురద. వెనకాల ఎల్లాజీ అన్న. ఎల్లాజీ అన్నది పని చూస్తే జ్వరం వచ్చే ఒళ్ళు. మా చేను కట్టేటప్పుడు కూడా గట్టు మీద నిలబడి 'అటు కట్టండి, ఇటు కట్టండి' అని చెప్పడమే ఆయన చేసిన సాయమని తర్వాత తెలిసింది. ఆయన చేను అయితే సాయమూ లేదు, ఆజమాయిషీ లేదు, పడింది పడ్డట్టే ఉంది. దానికి ఫోటో అయిపోయింది, పేరు ఎక్కిపోయింది. ముఖం వెలిగిపోతోంది.

అనూరాధ మా చేను చూసి నవ్వింది. "అక్కా, మీది బాగుందే! ఊరంతటికీ మీదొక్కటే మిగిలింది."

"మిగలడమేటి? మొత్తం పడిపోతే ఊరోలు లెగదీసి కట్టినారు," అన్నాను.

ఆ పిల్ల ముఖంలో నవ్వు పోయింది. ట్యాబు వంక చూసింది, చేను వంక చూసింది. "అక్కా... ఫోటోలో నిలబడి ఉంటే నష్టం కింద రాదు. మూడోవంతు దాటి పోయినట్టు కనబడాలి. నేను పోయిందని రాసినా, పైన ఫోటో చూసి కొట్టేస్తారు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లెక్క వేసుకున్నాను. ఊళ్ళో అందరికీ వస్తుంది. శవం లేచిన ఇంటికి రాదు. ఎందుకు రాదు? ఊరంతా కలిసి ఆ ఇంటిమీద ప్రేమ చూపించింది కనక.

"పోన్లే, పంటున్నాది గదా," అన్నాడు గంగులు. చేలో దిగి ఒక కట్టు సడలించి కంకి తీశాడు. తీసి చూస్తూ అలాగే ఉండిపోయాడు. నేను వెళ్ళి చూశాను. కట్టు లోపల నుంచి వేడి ఆవిరి కొట్టింది. కంకులు నల్లబడి, గింజ గింజకీ తెల్లగా మొలక వచ్చి, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దయిపోయి ఉన్నాయి. వెనక పడ్డ వానకి ఉప్పు కడుక్కుపోయింది, బిగించి కట్టిన కట్టులో తడి ఆరలేదు. ఇంకోటి విప్పాం. అదీ అంతే. గట్టుకి ఈ చివర, ఆ చివర, మధ్యలో, ఎక్కడ చూసినా అంతే. స్నానం చేయించి కొత్త చీర కట్టి కూర్చోబెట్టిన మా అత్త గుర్తొచ్చింది. చూసేవాళ్ళకి మనిషి ఉన్నట్టే ఉంటుంది.

"సూడమ్మా! ఇది పంటా? ఇది తిండా?" అని ఆ మొలకల కంకులు అనూరాధ ముఖం ముందు పెట్టి అరిచాను. ఆ పిల్ల తప్పేముంది? అయినా అరిచాను. ఆమె వెనక్కి తగ్గలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు కనిపిస్తోందక్కా. ఈ ఫోటోకే కనబడదు. రేపు మధ్యాహ్నంతో ఆఖరు. పొద్దున్న మళ్ళీ ఇటు వస్తాను. అంతకంటే నేనేమీ చెప్పకూడదు," అని వెళ్ళిపోయింది.

చెప్పకూడనిది చెప్పడానికి ఎల్లాజీ అన్న ఉన్నాడు కదా. "ఇందులో ఏటున్నాది బావా? కట్టిన సేతుల్తోనే ఇప్పీండి. తొంగోబెట్టీండి. నాను మొదటినుంచీ ఇదే సెప్తన్నాను," అన్నాడు. మొదటినుంచీ ఆయన ఏం చెప్పాడో దేవుడికే తెలియాలి.

సాయంత్రానికి సంగతి ఊరంతా తెలిసిపోయింది. కూర్మమ్మ వదిన మా గుమ్మంలోకి వచ్చి నెత్తి బాదుకుంది. "మా సేతులు ఇరిగిపోనూ! మంచి సేద్దుమని మీ నోట్లో మట్టి కొట్టినాం గదే!" ఆవిడ చేతులు పట్టుకుని ఆపాను. గడ్డి కోసుకుపోయి అరచేతులు ఇంకా మానలేదు. ఆ చేతుల్ని చూస్తే ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. కోపం లేకుండా నేనెలా బతకాలో అంతకన్నా తెలియలేదు.

మర్నాడు తెల్లారేసరికి కట్టినవాళ్ళంతా చేని దగ్గరికి వచ్చారు. వచ్చారు గానీ గట్టు దిగలేదు. కొడవళ్ళు పట్టుకుని, ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"నా వల్ల కాదు," అంది కూర్మమ్మ వదిన. "పేనం పోతా సెప్పినాది. లెగదియ్యండే అన్నాది. ఆ నోటితో ఆ మాట నా సెవిలో సెప్పినాది. ఇపుడు దాన్ని నానెలా తొంగోబెట్టీది?"

ఆ మాటతో అందరూ ఇంకో అడుగు వెనక్కి వేశారు. కంకి మీద కాలు పడితేనే కళ్ళకద్దుకునే మనుషులు వాళ్ళు. గంగులు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "వద్దులే. అమ్మ మాట అలాగే ఉండనీండి. నాను ఎలిపోతాను. మేస్త్రీ మంగలారం బండికి రమ్మన్నాడు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొడుకు ఇంట్లో ఉండాలని చేను నిలబెట్టమంది. ఇప్పుడు ఆ చేను నిలబడిందని కొడుకు వెళ్ళిపోతాడట! గంగులు చేతిలో ఫోను లాక్కుని నడుముకి దోపాను. కూర్మమ్మ వదిన చేతిలో కొడవలి తీసుకున్నాను.

"మీరెవులూ దిగొద్దు," అన్నాను. "ఆవిడ మాట నానెప్పుడు విన్నానని? బతికున్నపుడే యినలేదు, ఇప్పుడింటానేటి?"

దిగాను. మొదటి కట్టు దగ్గర వంగాను. కొడవలి మొన పెట్టి గడ్డి ముడి తెంచాను. తోసేద్దామని చెయ్యి పెట్టబోయేలోపే ఆ కట్ట తనంతట తనే ఒరిగిపోయి నీళ్ళలో పడింది. నిర్ఘాంతపోయాను. రెండో ముడి తెంచాను. అదీ అంతే. కాడల్లో ప్రాణం లేదు. అవి నిలబడి లేవు, కట్లు వాటిని పట్టుకుని ఉన్నాయి.

"నాను పడగొట్టనేదు! సూడండి, నాను ముట్టుకోనైనా నేదు!" అని గట్టు వైపు తిరిగి కేకేశాను. ఎవరికి చెబుతున్నానో నాకే తెలీదు. వాళ్ళ మధ్యలో ఆవిడ కూడా నిలబడి ఉన్నట్టు చెప్పాను. "సూడత్తా! సూసుకో! ఇంక తిట్టుకో!"

కట్లు తెంచుతూ పోయాను. కాసేపటికి కూర్మమ్మ వదిన దిగింది. ఆవిడ వెనక మిగతావాళ్ళు దిగారు. గడ్డి తెగిన చప్పుడూ, కట్ట నీళ్ళలో పడ్డ చప్పుడూ, అంతే. గంగులు మాత్రం గట్టు మీద వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

అనూరాధ వచ్చేసరికి చేనంతా పడుకుంది. గట్టు పక్కన ఒక్క కట్ట మిగిలింది, మా అత్త కూలబడిన చోట. అది తెంచుదామని వంగాను. దానికున్నది గడ్డి కాదు. తువ్వాలు. మా అత్త తువ్వాలు.

అంచు చిరిగి, పేడ మరకలు పట్టి, చుట్ట వాసన వేసే ఆ తువ్వాలు కోసం మేమిద్దరం ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో. పారేయమని నేను, పారేస్తే నిన్నే పారేస్తానని ఆవిడ. నేనొకసారి దాన్ని గిన్నెలు దించే మసిగుడ్డ చేస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రోజు తలకి చుట్టుకుని వెళ్ళింది. గట్టు మీద జారిపోయి ఉంటే, ఆఖరి కట్టకి గడ్డి చాలక కూర్మమ్మ వదిన దానితోనే కట్టిందట.

కొడవలి ఆ గుడ్డకి తగలనివ్వకుండా పక్కన పడేశాను. వేళ్ళతో ముడి విప్పాను. తడికి బిగుసుకుపోయింది, ఎంతకీ రాలేదు. వచ్చాక కట్ట నా ఒడిలోకి ఒరిగింది. తువ్వాలు నా చేతిలో ఉండిపోయింది. చుట్ట వాసన ఇంకా ఉంది.

అప్పుడు వచ్చింది ఏడుపు. ఎక్కడ దాక్కుందో అంతా ఒక్కసారి వచ్చింది. బురదలో మోకాళ్ళ మీద కూలబడి, తువ్వాలు మొహానికి అదుముకుని, నోరంతా తెరిచి ఏడ్చాను. "అత్తా, అత్తా," అని అరిచానేమో, గొంతులోంచి మాటగా వచ్చిందో లేదో తెలీదు. పొద్దున్న తిట్టిన తిట్టుకి జవాబు చెప్పనివ్వకుండా పోయింది. నా పేరున పొలం రాసింది. ఎందుకు రాసిందో ఒక్కసారైనా సరిగా అడగనివ్వలేదు. గంగులు పరుగెత్తుకొచ్చి భుజాలు పట్టుకున్నాడు.

పొలం నా పేరున ఉంది కాబట్టి ఫోటోలో నేనే ఉండాలి. అనూరాధ నన్ను లేచి నిలబడమనలేదు. అలాగే తీసింది.

సర్కారు సాయం వచ్చింది. మాకూ వచ్చింది, ఊరందరికీ వచ్చింది. డబ్బు పడిందని ఫోను మోగినప్పుడు గంగులు ఆ మెసేజీ మళ్ళీ మళ్ళీ చదివి, మేస్త్రీకి ఫోను చేసి, "నాను రానండి, దుక్కి దున్నాల," అన్నాడు. అంత గట్టిగా మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. మా పాప ఇప్పుడు అతన్ని ఉత్త నాన్న అంటోంది.

ఒకరోజు అనూరాధ కనబడి చెప్పింది. "అక్కా, మీ ఫోటో చూసి పైన సారు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. 'పాపం, పంట పోయి ఎలా ఏడుస్తోందో చూడు' అన్నారు."

ఊళ్ళోనూ అదే మాట. నీళ్ళ కుళాయి దగ్గర నేను వెనక నిలబడి ఉన్నానని చూసుకోక ఒకావిడ అంటోంది. "అత్త సచ్చిపోతే సుక్క రాల్చనేదు గానీ, సేను పోతే ఎలా ఏడ్సినాదో సూసినారా దేముడమ్మ కోడలు!"

కూర్మమ్మ వదిన అక్కడే ఉంది. నన్ను చూసింది. ఆ తువ్వాలు ముడి వేసింది తనే కాబట్టి తనకి తెలుసు. నోరు తెరవబోయింది. నేను వద్దని తల ఊపాను. ఇంకో రోజైతే ఆ మాటన్నావిడ జుట్టు పట్టుకుని వీధంతా తిప్పేదాన్ని. ఆ రోజు బిందె నింపుకుని ఇంటికొచ్చి, దండెం మీద ఆరిన తువ్వాలు తీసి తలకి చుట్టుకుని, పొలానికి వెళ్ళాను.